కింది పళ్ళ వరస

జనవరి 11

అక్క ఈ రోజు కుట్టి తెచ్చిన పుర్రెకి కింది వరసలో ఎడమవైపు ఒక పన్ను ఎక్కువుంది.

మొదట నా చార్టులోనే తప్పు దొర్లిందేమో అనుకున్నాను. కంప్యూటర్ తెరిచి గడులు లెక్కపెట్టాను. చార్టు సరిగ్గానే ఉంది. దవడ చివర నల్ల బట్టని ఖాళీగా వదిలేయాల్సిన చోట అక్క తెల్ల దారంతో ఇంకో పన్ను కుట్టేసింది. కుట్టు మాత్రం ఎప్పట్లాగే ఉంది. ప్రతి ఇంటూ గుర్తులోనూ పై గీత ఒకే వైపు వాలింది. బట్ట తిరగేస్తే వెనక కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది.

"తప్పులేమైనా ఉన్నాయా సుద్దముక్కా?" అంది అక్క టీ ఊదుకుంటూ. చిన్నప్పుడు ఇంట్లో గచ్చంతా సుద్దముక్కతో బొమ్మలు గీసేదాన్నని నాకా పేరు పెట్టింది. నాకు నలభై ఆరు నిండినా అదే పిలుపు.

"లేవక్కా."

"ఉండవు. నీ గీతలో ఉంటాయేమో గానీ నా సూదిలో ఉండవు."

తను వెళ్ళాక చార్టులో ఒక పన్ను కలిపాను. నిమిషం పట్టలేదు. మేం అమ్మేది చార్టు, ఏ గడిలో ఏ రంగు దారం కుట్టాలో చూపే బొమ్మ. నేను గీస్తాను, అక్క కుడుతుంది, దాన్ని ఫొటో తీసి చార్టుతో పాటు పెడతాం. ఫొటోలో ఉన్నదీ చార్టులో ఉన్నదీ ఒకటైతే చాలు, కొనేవాళ్ళకి అంతకన్నా అక్కర్లేదు.

జనవరి 12

పుర్రె పళ్ళు ఎవరు లెక్కపెడతారు?

జనవరి 29

మళ్ళీ. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివే పుర్రె. కింద ఎడమవైపు మూడు గడులు పక్కకి జరిగాయి. చార్టులో కూడా జరిపాను. ఇది రెండోసారి. అంతే, రెండోసారే.

చెప్పొచ్చు కదా అంటే, చెప్పి చూశాను ఒకసారి. అప్పుడింకా మేం చిలకలూ గులాబీలూ చేసేవాళ్ళం, ఎవరూ కొనేవాళ్ళు కారు. ఒక చిలక తోక ఒక గడి పక్కకి పోయిందని మాటవరసకి అన్నాను. పదకొండు రోజుల పని మొత్తం కూర్చుని ఊడదీసింది. రెండు రోజులు తిండి మానేసింది. బావ గుమ్మం దాకా వచ్చి, "దాని ముందు తప్పు అన్న మాటెత్తకు తల్లీ, చచ్చేది నేను" అని దణ్ణం పెట్టాడు. అక్క ఇరవై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఊరందరి అచ్చుతప్పులూ పట్టుకున్న కళ్ళు. తన తప్పు ఇంకొకరు పట్టుకుంటే ఊరుకుంటుందా?

ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లో దిక్కులు చూస్తూ కూర్చుంటే నేనే సూది చేతిలో పెట్టాను. గులాబీల మీద విసుగుపుట్టి ఒక రోజు కోపంగా టీ కప్పు పట్టుకున్న పుర్రెను గీశాను. వారం తిరక్కుండా దాన్ని అడిగినవాళ్ళు, అంతకు ముందు మూడేళ్ళలో చిలకల్ని అడిగినవాళ్ళకన్నా ఎక్కువ. అప్పట్నుంచి పుర్రెలే. గొడుగు పట్టుకున్న పుర్రె, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్న పుర్రె, జలుబు చేసిన పుర్రె. "అక్కచెల్లెళ్ళిద్దరూ ఇల్లు శ్మశానం చేసి పెట్టారు" అంటాడు బావ, అంటూనే హాల్లో మూడు తగిలించుకున్నాడు.

ఫిబ్రవరి 17

ఫ్రేములు కట్టే ఆయన అద్దం తుడుస్తూ అడిగాడు. "ఏమండీ, మీ పుర్రెలకి పళ్ళు ఒకవైపే ఎందుకలా వంకరపోతాయి?"

"అది మా స్టైలు" అన్నాను.

"అదేలెండి, చూడగానే మీదేనని తెలిసిపోతుంది" అన్నాడు. మంచి మనిషి.

అక్క తుంటి మీద అరచేయంత నల్లగా కమిలింది. తలుపు తగిలిందట. "ఈ ఇంట్లో గుమ్మాలన్నీ నా మీద పగబట్టాయే" అని నవ్వింది. నేనూ నవ్వాను. లావెక్కావు, తలుపులేం చేస్తాయి అన్నాను.

మార్చి 9

కొత్త ఆలోచన వచ్చింది. పుర్రెకి ఎడమ దవడ మీద పెద్ద గులాబీ. అక్కడ సందులూ పళ్ళూ ఉండవు, ఒకే రంగు నిండుగా కుట్టుకుంటూ పోవచ్చు. చూడ్డానికి బాగుంటుంది. అందం కోసమే.

మార్చి 23

ఇంకో ఆలోచన. మఫ్లర్ చుట్టుకున్న పుర్రె. మఫ్లర్ కొస ఎడమవైపు దవడని కప్పేస్తుంది.

ఏప్రిల్ 2

నమూనాల పుస్తకాలు వేసే ఆవిడ ఫోన్ చేసింది. పన్నెండు పుర్రెలతో ఒక పుస్తకం వేస్తుందట. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని. మే నెలాఖరుకి అన్నీ కుట్టి ఫొటోలు తీసి ఇవ్వాలి. నా బొమ్మల్లో ఆ ఎడమవైపు బరువు, ఆ వంకర నవ్వు తనకి చాలా నచ్చాయంది. "మీకే ప్రత్యేకమైన చూపు ఉంది" అంది.

అక్కకి చెబితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "నా పేరు కూడా వేయిస్తావా?" అంది. వేయించకపోతే చంపుతావుగా అన్నాను.

ఏప్రిల్ 27

నాలుగు గడులు, రెండు గడులు, ఐదు గడులు. రాసుకోవడం అనవసరం.

మే 6

అక్క గర్వంగా ఉంది. "చూశావా, ఏడాది పైనైంది, ఒక్క కుట్టు ఊడదీయలేదు. వయసొచ్చే కొద్దీ చెయ్యి తిరుగుతోంది నాకు."

నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

మే 21

ఈ రోజు తెచ్చినదానికి ఎడమ దవడ సగం లేదు.

తప్పుగా కుట్టడం కాదు, అసలు కుట్టలేదు. అక్కడ ఉత్త నల్ల బట్ట ఉంది. కుట్టు రింగులోంచి తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి తెచ్చింది. పూర్తయిందనుకుంది. నా ముందు పరిచి, "ఎలా ఉంది?" అని మొహంలోకి చూసింది.

"అక్కా, ఈ మధ్య కళ్ళు చూపించుకున్నావా?"

"కళ్ళకేం? సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తున్నా. నీకు చేతనవునా?" అని నా ఎదురుగానే ఎక్కించి చూపించింది. నిజమే, ఒక్కసారికే ఎక్కింది. నాకు నాలుగుసార్లు పట్టేది.

దారం ఎక్కించగలిగితే కళ్ళు బాగున్నట్టే కదా.

తను వెళ్ళాక చార్టులో సగం దవడ చెరిపేశాను. విరిగిన అంచు కొంచెం గరుగ్గా చేశాను, కావాలని గీసినట్టు. పేరు 'సగం నవ్వు' అని పెట్టి ఫొటో పంపాను. పుస్తకాలావిడ గంటలో జవాబిచ్చింది. మొత్తం పన్నెండులో ఇదే గొప్పగా ఉందట, అట్ట మీద ఇదే వేస్తుందట.

సంతోషించాల్సింది.

జూన్ 8

అక్క రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి సైకిలొచ్చి గుద్దింది. ఎడమ మణికట్టు బెణికింది. సైకిలతను గంట కొడుతూనే ఉన్నాడట. "ఎక్కడ్నుంచి ఊడిపడ్డాడో తెలీదే, ఖాళీ రోడ్డు" అంటోంది అక్క. కట్టు కట్టిన డాక్టరు అంతా విని, ముందు కళ్ళు చూపించమని చీటీ రాశాడట.

జూన్ 14

కంటి ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం.

ఒక మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, చేతికి బటను ఇచ్చారు. లోపల చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి, కనపడినప్పుడల్లా నొక్కాలి. అక్క బయటికొచ్చి బావతో గుసగుసగా అంది. "ఆ మిషను పాడైనట్టుందండీ. చాలాసేపు ఒక్క దీపమూ వెలగలేదు. పాపం ఆ అమ్మాయి చూసుకోలేదు." బావ, "ఆఁ, అంతే అయ్యుంటుంది" అన్నాడు.

డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పింది. అన్నీ గడులు. కొన్ని తెల్లవి, కొన్ని బూడిదరంగు, కొన్ని నల్లవి. నేను రోజూ గీసే చార్టు లాగే ఉంది. ఒక కంటిది దాదాపు మొత్తం నలుపు. రెండోదాంట్లో కింద, ముక్కు వైపు మూల నలుపు.

"దీన్ని గ్లాకోమా అంటారండీ. నీటికాసులు అంటారు చూడండి, అదే" అంది డాక్టరమ్మ. "ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంట్లో కూడా ముక్కు వైపు కిందంతా పోయింది. అంటే ఎదురుగా చూస్తున్నప్పుడు కింద ఎడమపక్క ఉన్నదేదీ మీకు కనపడట్లేదు. నొప్పుండదు, మధ్యలో చూపు బాగానే ఉంటుంది, అందుకే తెలీలేదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి."

చుక్కల చీటీ రాస్తూ డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "గడులు లెక్కపెట్టి కుట్టే పని అన్నారు కదా. ఈ మధ్య పనిలో తప్పులు పడలేదా?"

అక్క నిటారుగా కూర్చుంది. "ఏడాది పైగా ఒక్క తప్పు పడలేదండీ. మా చెల్లెలు గడి గడీ చూస్తుంది. కావాలంటే అడగండి."

ముగ్గురూ నా వైపు చూశారు.

"లేవండీ" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "ఆశ్చర్యంగా ఉందే. ఇంత పోయాక పనిలో తెలియాలి మరి. ఏడాది ముందు వచ్చుంటే ఎడమ కన్ను చాలావరకు మిగిలేది" అంది, ఎవరినీ ఏమీ అననట్టు.

బావ కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

జూన్ 15

చెప్పాలి.

జూన్ 16

రేపు చెబుతాను.

జూన్ 17

అక్కకి చెయ్యి సలుపుతోందట. కట్టు విప్పాక చెబుతాను.

జూన్ 19

కంప్యూటర్లో పాత ఫైళ్ళన్నీ తెరిచాను. ప్రతి చార్టుకీ రెండు ఉన్నాయి, మొదట గీసింది ఒకటి, దిద్దింది ఒకటి. పక్కన తేదీలు.

జనవరిలో రెండోసారి అని రాసుకున్నాను. అబద్ధం. అది పదోసారి. మొదటిది పోయినేడు ఏప్రిల్లో, గొడుగు పుర్రె. గొడుగు పిడి కింద ఒక గడి. డైరీకి కూడా అబద్ధం చెప్పిన మనిషిని నేను. దీన్ని ఎవరు చదువుతారని?

దిద్దిన గడుల్ని మాత్రం ఎర్రగా చేసి, పల్చటి కాగితాల మీద అచ్చు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. ఎరుపంతా ఒకే మూల పేరుకుంది. కింద, ఎడమవైపు. పద్నాలుగు నెలలుగా అక్క కంటి చూపు ఎక్కడెక్కడ పోతోందో గడి గడీ గీసి పెట్టుకున్నాను నేను. డాక్టరమ్మ మిషను పావుగంటలో చేసిన పని.

పైగా గులాబీలు. మఫ్లర్లు.

జూన్ 30

అక్కకి చుక్కలు వేయడానికి వెళ్ళాను. తల నా ఒళ్ళో పెట్టి పడుకుంది. "నీ చేతులు చల్లగా ఉంటాయే" అంది. అప్పుడు చెప్పాల్సింది. కంట్లో చుక్కలేసి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆ ఐదు నిమిషాలూ తన మొహం చూస్తూ కూర్చున్నాను.

జూలై 6

పుస్తకం వచ్చి ఐదు రోజులైంది. పుస్తకాలావిడ ఒకటి నాకూ ఒకటి అక్కకీ పంపింది. నేనింకా కట్ట విప్పలేదు. మధ్యాహ్నం అక్క, బావ చెయ్యి పట్టుకుని, చంకలో సంచీతో వచ్చింది. బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

సంచీలోంచి పుస్తకం తీసింది. తను కుట్టేటప్పుడు నేనిచ్చిన కాగితాలు కూడా తీసింది, పన్నెండూ. అవి పారేస్తుందనుకున్నాను. ఇరవై ఏళ్ళు ప్రెస్సులో చేసిన మనిషి, అసలు ప్రతి పారేస్తుందా? ఆ ముక్క నా బుర్రకి తట్టనేలేదు.

"ప్రూఫు చూశాను" అంది.

కాగితం, పుస్తకం పక్కపక్కన పెట్టుకుని, స్కేలు ఆనించి, భూతద్దంతో ఒక్కో వరసా చూసిందట. ఎడమ మూల కనపడదు కాబట్టి కాగితాన్నే జరుపుకుంటూ చూసింది. నాలుగు రోజులు పట్టిందట. తేడా ఉన్న ప్రతి గడి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, అంచున నిలువు గీత గీసి పెట్టింది, ప్రెస్సులో గీసినట్టే.

"అరవై మూడు. నేను కుట్టింది ఒకటి, నువ్విచ్చింది ఒకటి. ఇవి కాక ఉన్నాయా?"

"ఉన్నాయక్కా. పుస్తకంలోకి రానివి."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు ఏప్రిల్ నుంచి."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. నేను ఏడుస్తున్నాను. తను ఏడవలేదు.

"నీకు బాధ కలుగుతుందని..." అన్నాను.

"నాకు బాధ కలుగుతుందని" అని నా మాటే మళ్ళీ అంది. తర్వాత, మెల్లిగా: "డాక్టరమ్మ నిన్ను మొహం మీదే అడిగింది కదే. అప్పుడు కూడానా?"

నేను కాగితాలు సర్దబోతే నా చెయ్యి పక్కకి నెట్టింది.

"ఇరవై ఏళ్ళు నా కొలువేంటే? ఎవరేమనుకున్నా తప్పుని తప్పని గీత గీయడం. ఎంతమంది రచయితలు నా మీద ఒంటికాలి మీద లేచారో నీకు తెలుసు. నా పనికి నువ్వున్నావు కదా, నువ్వు చూస్తావు కదా అనుకుని నిశ్చింతగా ఉన్నానే నేను."

లేచింది. గుమ్మం ఎడమవైపుందని తడుముకుని మరీ వెళ్ళింది. పుస్తకం నా బల్ల మీదే వదిలేసింది. లోపల మొదటి పేజీలో తన పేరుంది, నా పేరు పక్కనే, అదే సైజులో.

జూలై 7

ఫోన్ ఎత్తలేదు.

జూలై 8

ఎత్తలేదు.

జూలై 11

వెళ్ళాను. బావ తలుపు సగమే తీశాడు. "కొన్నాళ్ళు రాకమ్మా" అన్నాడు. ఎప్పుడూ నన్ను ఆటపట్టించకుండా ఒక్క మాట మాట్లాడని మనిషి. చుక్కలెవరు వేస్తున్నారని అడిగాను. నేనే వేస్తున్నా, సగం చెంప మీద పడుతున్నాయి అన్నాడు.

జూలై 20

ప్రేమ కొద్దీ చేశాను అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నిజం రాస్తాను. మొదటిసారి ప్రేమే. తనేడిస్తే చూడలేను, అది నిజం. రెండోసారి కూడా కొంత ప్రేమే. ఆ తర్వాత అలవాటు. పుస్తకం ఒప్పుకున్నాక గడువు. ఊడదీసి కుట్టాలంటే వారం, చార్టు దిద్దితే నిమిషం. అక్క చేత మళ్ళీ కుట్టిస్తే మే నెలాఖరుకి అయ్యేది కాదు. సగం దవడ చూసిన రోజు నాకు తెలిసిపోయింది. తెలిసే పేరు పెట్టాను.

అట్ట మీద బాగుంది. అందరూ అదే మాట అంటున్నారు.

ఆగస్టు 13

బావ వచ్చాడు. కూర్చోలేదు. "మీ అక్క చెప్పి రమ్మంది. ఇది అక్కచెల్లెళ్ళకి వస్తుందట, నీ కళ్ళు చూపించుకోమంది."

"తనే చెప్పిందా?"

"మూడు రోజుల్నుంచి పోరుతోంది. ఫోన్ చేసి నువ్వే చెప్పొచ్చుగా అంటే, నేను మాట్లాడను, మీరెళ్ళండి అంది."

ఆగస్టు 16

నా కళ్ళు బాగున్నాయి. మిషనులో దీపాలు ఒక్కటి వదలకుండా నొక్కాను. నా కాగితం తెల్లగా వచ్చింది.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. తప్పులు పడ్డాయండీ, నేనే చెప్పలేదు అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "ఇప్పుడు చెప్పారుగా, రాసుకుంటాను" అని ఫైలు తెప్పించుకుని రాసుకుంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో ఆవిడ, నా దగ్గరవాళ్ళెవరికో కన్ను పోయిందనుకుని, నీళ్ళ సీసా ఇచ్చింది.

సెప్టెంబర్ 2

పుర్రె గీయడానికి కూర్చున్నాను. ఎడమ దవడ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే గులాబీ మొదలుపెట్టింది. కంప్యూటర్ ఆపేశాను.

సెప్టెంబర్ 25

అక్క లేకుండా టీ ఒక్కదానికే పెట్టుకోవడం ఇంకా రావట్లేదు. రెండు కప్పులు పెట్టి ఒకటి పారబోస్తున్నాను.

అక్టోబర్ 10

అక్క వచ్చింది.

పొద్దున పదింటికి, చెప్పకుండా, ఒక్కతే పైకొచ్చింది. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతోంది, గొంతు విని పరిగెత్తుకెళ్ళి తలుపు తీశాను. చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. "టీ పెట్టు" అంది. రెండు కప్పులు పెట్టాను.

టీ తాగుతూ కుశలమే మాట్లాడింది. కుడి కన్ను నిలకడగా ఉందట. బావకి చుక్కలు వేయడం వచ్చిందట.

సంచీలోంచి బట్ట తీసి బల్ల మీద పరిచింది. అరచేయంత పుర్రె. పెద్ద కన్నాల బట్ట మీద, మందపు దారంతో. టీ కప్పు పట్టుకున్నది, మా మొట్టమొదటి పుర్రె. పక్కనే నేను అప్పుడిచ్చిన కాగితం పెట్టింది.

"మళ్ళీ మొదలుపెట్టాను. బట్ట తిప్పుకుంటూ కుడుతున్నా. ఇరవై రోజులు పట్టింది. చూసి చెప్పు, ఎన్నున్నాయో."

చూశాను. గడి గడీ చూశాను, కళ్ళలో ఒత్తులేసుకుని.

"కప్పు పిడి దగ్గర ఒక గడి పక్కకి పోయిందక్కా."

"ఊఁ. రెండోది?"

"దవడ కింద రెండు గడులు ఖాళీ."

"ఊఁ."

ఒక్కోటీ చెప్పాను. చెప్పిన ప్రతిదాన్నీ దగ్గరికి తీసుకుని, భూతద్దం పెట్టి చూసి, ఎర్ర దారం ముక్క గుచ్చి గుర్తు పెట్టుకుంది. కోపం రాలేదు తనకి. ఐదోది చెప్పేసరికి మాత్రం మొహం కొంచెం చిన్నబోయింది. ఆరు. ఏడు.

"ఇరవై రోజుల్లో ఏడు" అంది. "పోనీలే. ఈ ముందు పళ్ళు మాత్రం చూడవే, మూడు రోజులు కూర్చుని వేశా. మధ్యలో కదా, ఇక్కడ నాకు బాగా కనపడుతుంది. ఇది మాత్రం అచ్చం మునుపటిలా వచ్చింది."

వేలితో ఆ పళ్ళని నిమిరింది. జూన్ తర్వాత తన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ముందు పళ్ళ మధ్య, నల్ల సందు ఉండాల్సిన చోట, ఒక తెల్ల గడి ఉంది.

"అంతేనా? ఇంకేం లేవుగా?"

చెబుదామనే నోరు తెరిచాను. ఒక్క గడి. దూరం నుంచి చూస్తే తెలియదు. ఇవాళే కదా వచ్చింది, రేపొస్తుంది, రేపు చెప్పొచ్చు.

"అంతే అక్కా" అన్నాను.

అక్క కప్పు కింద పెట్టింది. మొహంలో వెలుగు పోయింది, కానీ ఆశ్చర్యపోయినట్టు లేదు.

"ఆ పళ్ళ మధ్య తెల్ల గడి నేను కావాలనే వేశానే" అంది. "కనపడి, లెక్కపెట్టి, సరిగ్గా అక్కడే వేశా. నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"మూడు నెలలు ఆలోచించానే. చెల్లెలు కదా, గడువు తొందరలో చేసిందేమో, నా ఏడుపు చూడలేక చేసిందేమో, ఏదో ఒకటి అనుకుని వచ్చేద్దాం, ఇదివరకటిలా పని చేసుకుందాం అని. నువ్వు లేకపోతే నాకు మాత్రం ఏం తోస్తుంది? ఇంక నా కన్ను నువ్వే కదా అనుకున్నా. అందుకే ముందు ఈ ఒక్కటీ అడిగి చూద్దామనుకున్నా."

"అక్కా, నీ మొహం చూసి..."

"అదే. నా మొహం చూస్తావు నువ్వు. బట్ట చూడవు."

బట్టని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. నా చెంప మీద చెయ్యి వేసింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు వేసినట్టు. తిట్టి ఉంటే బాగుండేది. "తలుపు దాకా రాకు. మీ మెట్లు పదిహేడు, నాకు తెలుసు" అంది.

గుమ్మంలో నిలబడ్డాను. గోడ పట్టుకుని దిగుతోంది, పైకే లెక్కపెట్టుకుంటూ. తొమ్మిది. పది. పదకొండు. పదమూడు.

లెక్కలో పన్నెండు వదిలేసింది.

నేను విన్నాను. పిలిస్తే చిన్నబుచ్చుకుంటుంది, ఇప్పటికే నా మీద అంత కోపంగా ఉంది, కింద బావ ఉంటాడు, చూసుకుంటాడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. పదిహేడు. ఇంకో మెట్టు మిగిలి ఉండగానే నేలే అనుకుని కాలు చాచింది.

"అక్కా, ఇంకోటుంది!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కాలు గాల్లోనే ఆగింది. గోడని రెండు చేతులా పట్టుకుంది. కాలితో తడిమి, ఆ మెట్టు దొరకబుచ్చుకుని దిగింది. పైకి చూడలేదు. వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట అనడానికి నాకు అరక్షణం పట్టింది. జనవరిలో ఆ పన్ను సంగతి చెప్పడానికీ అంతే పట్టేది.